ఆఫీసు వీపీఎన్ పెట్టాక మధ్యాహ్నానికే దిగిపోతున్న బ్యాటరీ: తప్పు ఫోనుదా, వీపీఎన్‌దా?

రేవు గుమస్తా, గాజువాక

అందరికీ నమస్కారం. నేను విశాఖ రేవులో ఓడల ఏజెన్సీ ఒకదానిలో బోర్డింగ్ క్లర్కుగా పనిచేస్తున్నాను. ఓడను బెర్తుకు కట్టిన దగ్గర నుంచి అది తిరిగి బయలుదేరే దాకా ఏ హేచ్ (సరుకు గది మూత) ఎన్నింటికి తెరిచారు, వాన వల్ల ఎంతసేపు పని ఆగింది, క్రేను ఎప్పుడు మొరాయించింది అన్నవన్నీ స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్‌లో రాసి, కెప్టెన్ చేత సంతకం పెట్టించి, ఆ కాగితాన్ని ఫొటో తీసి ఆఫీసుకు పంపడం నా పనిలో ముఖ్యభాగం. రెండు నెలల కిందట మా ఆఫీసువారు కంపెనీ మెయిలూ, కాగితాలు ఎక్కించే యాప్ రెండూ ఇకమీదట వీపీఎన్ (ఫోనుకూ ఆఫీసు సర్వరుకూ మధ్య నడిచే రహస్య దారి) ద్వారానే తెరుచుకోవాలని నిబంధన పెట్టి, ఫోనులో అది రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉండేలా అమర్చి ఇచ్చారు.

నా చిక్కు అప్పుడే మొదలైంది. ఫోను కిందటేడాది కొన్నదే, బ్యాటరీ 5000 ఎంఏహెచ్. ఇదివరకు ఉదయం 7 గంటలకు నూరు శాతంతో ఇల్లు వదిలితే రాత్రి ఇంటికి చేరేసరికి 40 శాతానికి తక్కువ కాకుండా మిగిలేది. ఇప్పుడు మధ్యాహ్నం 3 గంటలకే ఎరుపు చూపిస్తోంది. మొన్న ఒక బొగ్గు ఓడ మీద కెప్టెన్ సంతకం పెట్టి, కలం మూత పెట్టేలోపే, ఫొటో తీద్దామని ఎత్తిన ఫోను నా చేతిలోనే ఆరిపోయింది. ఆయన నవ్వుకొని తన బల్ల మీది ఛార్జరు అందించాడు గాని, నాకు మాత్రం తల కొట్టేసినట్లయింది.

నాకు అంతుపట్టనిది ఇంకొకటి ఉంది. ఆదివారం ఇంట్లో వైఫై మీద, ఇదే వీపీఎన్ ఆన్‌లో ఉండగానే, పిల్లలు గంటల తరబడి వీడియోలు చూసినా బ్యాటరీ మునుపటిలాగే నిలుస్తోంది. ఓడ ఎక్కిన రోజునే ఈ పాట్లు. సెట్టింగులలో బ్యాటరీ పట్టిక తెరిస్తే వీపీఎన్ యాప్ పేరే అందరికన్నా పైన కనిపిస్తోంది. ద్వారకానగర్‌లో ఒక మరమ్మతు దుకాణంలో చూపిస్తే, బ్యాటరీ మార్చేయమన్నారు. మార్చాలా? అసలు ఎన్‌క్రిప్షన్ (డేటాను ఇతరులు చదవలేని రూపంలోకి మార్చడం) అనేది ఇంత తింటుందా? మధ్యమధ్య ఆపుకోవడానికి ఆఫీసువారు ఒప్పుకోరు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సింహాచలం మెట్లు

వీపీఎన్ అంటే ఫోను నుంచి బయటికి వెళ్లే ప్రతి ప్యాకెట్‌నూ, అంటే డేటా ముక్కనూ, తాళం వేసి పంపడం, వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ తాళం తీసి చూడడం. ఆ పని అంతా ప్రాసెసరే చేయాలి కనుక బ్యాటరీ ఖర్చవడం సహజం. పట్టికలో యాప్ పేరు పైన ఉందంటే దొంగ దొరికినట్లే. మంచి ప్రాసెసర్ ఉన్న ఫోను కొనుక్కోవడం తప్ప వేరే మార్గం లేదని నా అభిప్రాయం.

ఎండాడ నెట్‌వర్కు

పై మిత్రులు చెప్పిన తాళాల పోలిక సరైనదే. అయితే తాళం వేయడానికి అయ్యే ఖర్చు వారు అనుకున్నంత ఉండదు. నేను పదేళ్లుగా నెట్‌వర్కుల పనిలో ఉన్నాను కాబట్టి కాస్త విస్తరించి రాస్తాను, ఓపిక పట్టగలరు.

గుమస్తా గారి ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఎన్‌క్రిప్షనే బ్యాటరీని తినేదైతే, పిల్లలు వీడియోలు చూసిన ఆదివారమే ఎక్కువ దిగాలి. ఎందుకంటే తాళం వేయవలసిన డేటా ఆ రోజునే ఎక్కువ. ఓడ మీద మీరు పంపేది నాలుగు మెయిళ్లు, పది ఫొటోలు. తక్కువ డేటా వెళ్లిన రోజున ఎక్కువ బ్యాటరీ దిగుతోందంటే నేరం మరెక్కడో జరుగుతోందన్నమాట. ఈ రోజుల్లో వస్తున్న ఫోన్ల ప్రాసెసర్లలో దాదాపు అన్నింటిలోనూ ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో తాళం వేయడానికి ప్రత్యేకమైన ఆదేశాలు చిప్‌లోనే ఉంటాయి. చిప్‌ల నిర్మాణాన్ని రూపొందించే ఏఆర్‌ఎం సంస్థవారి ఎనిమిదో తరం నిర్మాణంతో వచ్చిన సదుపాయమిది. దాని వల్ల సాఫ్ట్‌వేర్‌తో చేస్తే పట్టే శ్రమలో చాలా చిన్న వంతుతోనే పని పూర్తవుతుంది. అసలు మీ బ్యాంకు యాప్, మీ వాట్సాప్ వీపీఎన్ లేనప్పుడు కూడా తమ డేటాకు తాళం వేసే పంపుతున్నాయి. వాటి వల్ల బ్యాటరీ దిగిందని ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఇక అసలు సంగతి. ఫోనులో తెర తరువాత అంతగా తినేది 4జీ రేడియో. ఒక ప్యాకెట్ పంపిన వెంటనే అది నిద్రపోదు, ఇంకేమైనా వస్తుందేమోనని కొన్ని సెకన్లు మేలుకొనే ఉంటుంది. ఆ వ్యవధి ఎంతన్నది నెట్‌వర్కు సంస్థ నిర్ణయిస్తుంది, సాధారణంగా 10 సెకన్ల ప్రాంతంలో ఉంటుంది. 2012లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అప్పటి 4జీ ఫోన్ల మీద కొలిచినప్పుడు, ఈ ఎదురుచూపు 11 సెకన్లకు పైగా సాగిందనీ, ఆ సమయంలో ఫోను సుమారు ఒక వాట్ ఖర్చు చేసిందనీ తేలింది. తరువాత చిప్‌లు మెరుగుపడ్డాయి గాని స్వభావం మారలేదు. ఒక్క బైటు పంపినా, ఒక ఫొటో పంపినా, రేడియో ఆ తరువాత చేసే జాగారం ఒక్కటే. మీ 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉన్న శక్తి మొత్తం సుమారు 19 వాట్-గంటలు. కాబట్టి రేడియో రోజంతా మేలుకొని ఉంటే ఏమవుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు.

మరి దానిని ఎవరు మేలుకొలుపుతున్నారు? వీపీఎనే. అయితే తాళంతో కాదు, పలకరింపులతో. మీ ఫోనుకూ ఆఫీసు సర్వరుకూ మధ్య నెట్‌వర్కు సంస్థవారి నాట్ యంత్రం (చాలా ఫోన్లు ఒకే ఇంటర్నెట్ చిరునామాను పంచుకునేలా చేసేది) ఒకటి ఉంటుంది. కొంతసేపు ఏ ప్యాకెట్టూ వెళ్లకపోతే ఆ దారిని అది మూసివేస్తుంది. యూడీపీ (ప్యాకెట్ చేరిందో లేదో చూసుకోకుండా పంపే పద్ధతి) దారులనైతే చాలా యంత్రాలు అర నిమిషంలోనే మూసేస్తాయి. అలా మూయకుండా వీపీఎన్ యాప్ కొన్ని సెకన్లకొకసారి ‘నేనున్నాను’ అంటూ ఖాళీ ప్యాకెట్ పంపుతుంది. దీనినే కీప్‌అలైవ్ అంటారు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌లో ఇది మొదట ఆపి ఉంటుంది, అవసరమైనవారికి దాని రచయితలు సూచించే విరామం 25 సెకన్లు. ఓపెన్ వీపీఎన్ అనే మరొక సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే నమూనా సర్వర్ ఫైలులో రాసి ఉన్నది 10 సెకన్లు.

ఇప్పుడు ఈ రెండు అంకెలను రేడియో జాగారం పక్కన పెట్టి చూడండి. 25 సెకన్లకొక పలకరింపు అయితే, ఒక్కొక్క దానికి 10 సెకన్ల జాగారం చొప్పున రేడియో 40 శాతం కాలం మేలుకొని ఉంటుంది. 10 సెకన్లకొకటి అయితే గంటకు 360 పలకరింపులు, అంటే ఒకదాని జాగారం ముగిసేసరికి మరొకటి తలుపు తడుతుంది. ఇక రేడియోకు నిద్ర అన్నదే లేదు. ఫోను మీ జేబులో తెర ఆరి ఉన్నా లోపల దీపావళి జరుగుతూనే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో 2015 నుంచి ఉన్న డోజ్ ఏర్పాటు, ఫోను కదలకుండా ఉన్నప్పుడు యాప్‌ల నెట్‌వర్కు రాకపోకలను ఆపి నిద్రపుచ్చాలి. కాని వీపీఎన్ యాప్‌లు సాధారణంగా బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపు అడుగుతాయి, మనం సరేనని నొక్కేస్తాం.

వైఫై మీద ఈ బాధ లేకపోవడానికి కారణం, ప్యాకెట్ పంపిన తరువాత వైఫై రేడియో చాలా త్వరగా నిద్రలోకి జారుకోవడం. దాని జాగారం 4జీ జాగారంలో చాలా చిన్న భాగం. మీ ఆదివారం రహస్యం ఇంతే.

ఓడ మీద దీనికి రెండో దెబ్బ తోడవుతుంది. ఓడ అంటే ఇనుప పెట్టె, రేడియో తరంగాలు ఉక్కును దాటలేవు. అకామొడేషన్ (సిబ్బంది ఉండే గదుల భాగం) లోపల, షిప్స్ ఆఫీసులో కూర్చున్నప్పుడు మీ ఫోనుకు అందేది కిటికీ సందుల్లోంచి దూరిన సిగ్నలే. మన లోపలి హార్బరుకు ఒక పక్క యారాడ కొండ అడ్డుగోడలా నిలిచి ఉంది, ఆ వైపు బెర్తుల దగ్గర గీతలు తగ్గడం నేనూ చూశాను. సిగ్నల్ బలహీనమైన కొద్దీ టవరుకు వినిపించేలా ఫోను గొంతు పెంచవలసి వస్తుంది. మామూలు 4జీ ఫోనుకు ప్రమాణాల్లో ఉన్న గరిష్ఠ ప్రసార శక్తి 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. అంత బయటికి పంపడానికి లోపల యాంప్లిఫయర్ అంతకు కొన్ని రెట్లు మింగుతుంది. గంటకు 360 సార్లు ఇలా అరవడమంటే మాటలు కాదు.

చివరగా పట్టిక గురించి. మిగతా యాప్‌ల డేటా అంతా వీపీఎన్ యాప్ చేతుల మీదుగానే వెళుతుంది కనుక, వాటి కోసం చేసిన పని కూడా దాని పేరనే జమ కావచ్చు. పెళ్లి ఖర్చంతా మేనమామ చేతుల మీదుగా నడిస్తే దుబారా మనిషన్న పేరు ఆయనకే వస్తుంది కదా, అలాంటిదే. పట్టికను చూసి తీర్పు ఇవ్వకండి. రెండు రాత్రులు పరీక్ష చేయండి. వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, ఫోనును ఇంట్లో ఒకేచోట పెట్టి, ఒక రాత్రి వీపీఎన్‌తో, ఇంకొక రాత్రి ఆఫీసువారి అనుమతితో అది లేకుండా వదిలి, ఉదయం ఎంత దిగిందో రాసుకోండి. తెర వాడకం ఉండదు కనుక తేడా అంతా రేడియోదే అవుతుంది. అది తేలేదాకా బ్యాటరీ మార్చవద్దు.

పెదవాల్తేరు టీచరు

ఎండాడ మిత్రులు రాసినది చదివాక నా అనుభవం ఒకటి చేర్చాలనిపించింది, ఎందుకంటే అది వారి మాటకు కొంత ఎదురు నిలుస్తుంది. నేను చాలాకాలం ఒక పాత 32 బిట్ల ఫోను వాడాను. వారు చెప్పిన ఏఈఎస్ ఆదేశాలు దాని ప్రాసెసర్‌లో లేవు. అందులో ఉచిత వీపీఎన్ ఒకటి వేసుకొని ఇంట్లో వైఫై మీద పాఠాల వీడియోలు చూస్తే, అర గంటకే ఫోను వెనుక భాగం ఇప్పుడే దించిన ఇడ్లీ పాత్రలా కాలిపోయేది, బ్యాటరీ కళ్ల ముందే దిగేది. అదే వీడియో వీపీఎన్ లేకుండా చూస్తే ఆ వేడి ఉండేది కాదు. అంటే పాత ఫోను, పెద్ద డేటా కలిస్తే ఎన్‌క్రిప్షన్ ఖర్చు నిజమే. సింహాచలం గారి మాట పూర్తిగా కొట్టివేయదగినది కాదు.

అప్పట్లో మా తమ్ముడి సలహాతో వైర్‌గార్డ్‌కు మారాను. అది ఏఈఎస్ బదులు చాచా20 అనే పద్ధతి వాడుతుంది. 2008లో డేనియల్ బెర్న్‌స్టైన్ రూపొందించిన ఈ పద్ధతి కూడిక, బిట్లను తిప్పడం వంటి సాధారణ లెక్కలతోనే నడుస్తుంది కాబట్టి ప్రత్యేక ఆదేశాలు లేని చిప్‌ల మీద కూడా తేలికగా సాగుతుంది. ఫోను చల్లబడింది. అయితే ఆ మార్పులో సర్వరు కూడా మారిందని ఒప్పుకోవాలి. పాతది ఎక్కడో ఐరోపాలో ఉండేది, కొత్తది ముంబయిలో. దూరపు సర్వరు వల్ల వేగం తగ్గి, రెండు నిమిషాల్లో దిగవలసిన పాఠం పది నిమిషాలు దిగుతుంటే, ఆ పది నిమిషాలూ ఫోను పనిలో ఉన్నట్లే. ఏది ఎంత మేలు చేసిందో విడదీసి చెప్పలేను.

పాత బండి

గుమస్తా గారూ, అరకు వెళ్లే రైల్లో వీపీఎన్ ఆన్ చేసి కూర్చున్న అనుభవం నాది. ఆ దారిలో యాభైకి పైగా సొరంగాలు. ఒక్కొక్క సొరంగంలో సిగ్నల్ పోవడం, బయటికి రాగానే వీపీఎన్ మొదటి నుంచి చేతులు కలుపుకోవడం, అది కలవగానే ఫోనులోని యాప్‌లన్నీ తెగిన తమ కనెక్షన్లను ఒక్కసారిగా మళ్లీ తెరుచుకోవడం, అంతలో మరో సొరంగం. వీపీఎన్‌లోనూ సొరంగమే ఉంటుందట, సొరంగంలో సొరంగం నిలవదని ఆ రోజు తెలిసింది. బొర్రా గుహలు దాటకముందే ఫోను ఆరిపోయింది. మీరు కూడా ఓడలో డెక్ మీదికీ లోపలికీ తిరుగుతుంటారు కనుక రోజుకు ఎన్నిసార్లు తెగి కలుస్తోందో చూసుకోండి. యాప్‌లో ఇవన్నీ నమోదయ్యే లాగ్ అనే పేజీ ఉంటుంది.

సర్వర్ గది, మధురవాడ

నేను ఒక మధ్యతరహా కంపెనీలో వీపీఎన్ సర్వర్లు చూసుకుంటాను. ఎండాడ గారు చెప్పిన 10 సెకన్ల అంకె దగ్గర నాకు కొంచెం సిగ్గు కలిగింది. కొన్నేళ్ల కిందట నేను కూడా ఆ నమూనా ఫైలును ఉన్నదున్నట్లు ఎక్కించాను. అందులో ‘కీప్‌అలైవ్ 10 120’ అని ఒక వరుస ఉంటుంది. అర్థం ఏమిటంటే, 10 సెకన్లు ఏ ప్యాకెట్టూ వెళ్లకపోతే ఒక పలకరింపు పంపాలి, 120 సెకన్లు అవతలి నుంచి ఏమీ రాకపోతే తెంచి మళ్లీ కలపాలి. సర్వరులో రాసిన ఈ అంకెలే ఫోన్లకు కూడా వెళతాయి కాబట్టి ఫోనులో మీరు ఎన్ని సెట్టింగులు తిప్పినా ఉపయోగం లేదు. గోడకు ప్లగ్గు పెట్టి ఉన్న కంప్యూటర్లకు ఆ అంకెల వల్ల ఏ నష్టమూ లేదు. జేబులో తిరిగే ఫోన్లు ఉన్నాయని గుర్తుంచుకోవలసింది మాలాంటివాళ్లం.

కాబట్టి గుమస్తా గారు తమ ఆఫీసు సిస్టమ్ అడ్మిన్‌ను మర్యాదగా అడగవలసిన మొదటి మాట, ఆ వరుసలో ఏ అంకెలు ఉన్నాయి, పలకరింపు విరామాన్ని 60 సెకన్లకు పెంచగలరా అని. దారి మూసుకుపోతుందని వారు భయపడవచ్చు. మూసుకుపోయినా తరువాతి పలకరింపుతో ఫోను వైపు నుంచే మళ్లీ తెరుచుకుంటుంది, ఈలోగా వచ్చిన మెయిలు నిమిషం ఆలస్యంగా మోగుతుంది, అంతే. ఓపెన్ వీపీఎన్ 2.4 తరువాతి వెర్షన్లు ఫోను చిరునామా మారినా గుర్తుపడతాయి కనుక తెగిపోవడం కూడా అరుదు.

ఎవరైనా ‘టీసీపీకి మారిస్తే పలకరింపులే అక్కర్లేదు’ అని సలహా ఇస్తే తొందరపడవద్దు. టీసీపీ (ప్యాకెట్ చేరిందో లేదో చూసుకొని, చేరకపోతే మళ్లీ పంపే పద్ధతి) దారులను నాట్ యంత్రాలు ఎక్కువసేపు తెరిచి ఉంచుతాయన్న మాట నిజమే. కాని లోపల నడిచే మీ మెయిలు కూడా టీసీపీయే. ఓడలో లాగా ప్యాకెట్లు దారిలో పడిపోయే చోట, లోపలిదీ బయటిదీ రెండూ పోటీపడి ఒకే ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటాయి. రేడియో నిద్రపోయేదెప్పుడు? ఐకేఈ అనే మరో వీపీఎన్ పద్ధతి రెండో వెర్షన్ వాడే వీపీఎన్ అయితే మాత్రం ఆలోచించవచ్చు. దానికి 2006లో చేర్చిన మోబైక్ అనే ఏర్పాటు వల్ల, వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినప్పుడు మొదటి నుంచి చేతులు కలపకుండా చిరునామా మాత్రమే మార్చుకుంటుంది. దానికీ 20 సెకన్ల పలకరింపు అలవాటు ఉంది గాని, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ ప్యాకెట్లను ప్రధాన ప్రాసెసర్‌ను లేపకుండా రేడియో చిప్పే పంపగలదు.

కంపెనీ యాప్‌లను మాత్రమే వీపీఎన్‌లోకి పంపి మిగతావాటిని బయట వదిలే ఏర్పాటు కూడా ఉంది. దాని వల్ల డేటా భారం తగ్గుతుంది, పాత బండి గారు చెప్పినట్లు వీపీఎన్ తెగినప్పుడల్లా అన్ని యాప్‌లూ ఉలిక్కిపడడం తప్పుతుంది. అయినా వీపీఎన్ ఆన్‌లో ఉన్నంతకాలం పలకరింపులు ఆగవు కనుక, మీ రోగానికి అదొక్కటే మందు కాదు.

రేవు గుమస్తా, గాజువాక

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. రెండు రాత్రుల పరీక్ష చేశాను. రాత్రి 11 నుంచి ఉదయం 5 గంటల దాకా, మొబైల్ డేటా మీద, పూజగది అరలో ఫోను ఉంచాను. వీపీఎన్ లేని రాత్రి 3 శాతం దిగింది, ఉన్న రాత్రి 19 శాతం. మా ఆవిడ ఫోను దేవుడి దగ్గర ఎందుకు పెట్టారని అడిగితే చెప్పడానికే ఎక్కువ సమయం పట్టింది.

ఆ కాగితం తీసుకువెళ్లి మా అడ్మిన్‌కు చూపించాను. మొదట ఆయన భద్రతా నియమాలు మార్చడం కుదరదన్నారు. అడుగుతున్నది తాళం తీయమని కాదు, పలకరింపు తగ్గించమని మాత్రమేనని సర్వర్ గది గారి మాటలే అప్పజెప్పాను. ఫైలు తెరిచి చూస్తే సరిగ్గా 10, 120 ఉన్నాయి. ఆయన ముందు 60 పెట్టి చూశారు. మెయిళ్లు ఒకటి రెండు నిమిషాలు ఆలస్యమవుతున్నాయని మా మేనేజరు గొణిగితే, 45 దగ్గర రాజీపడ్డారు. యాప్‌లను విడదీసే ఏర్పాటుకు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

ఓడ మీద నా పద్ధతి కూడా కొంత మారింది. షిప్స్ ఆఫీసులో ఫోనును జేబులో ఉంచుకోకుండా పోర్ట్‌హోల్ (ఓడ గుండ్రటి కిటికీ) అంచు మీద పెడుతున్నాను, అక్కడ ఒక్క గీత ఉన్నచోట మూడు కనిపిస్తున్నాయి. ఫొటోలు ఒక్కొక్కటిగా పంపకుండా, అన్నీ తీసుకొని గ్యాంగ్‌వే (ఓడ ఎక్కి దిగే దారి) దగ్గరికి వచ్చాక ఒకేసారి పంపుతున్నాను. నిన్న ఉదయం నుంచి ఎరువుల ఓడ మీదే ఉండి, సాయంత్రం 6 గంటలకు సింధియా దగ్గర బస్సు ఎక్కేసరికి ఇంకా 34 శాతం ఉంది. దుకాణం వారు చెప్పిన బ్యాటరీ మార్పు మానుకున్నాను. ఔటర్ హార్బరులో డ్యూటీ పడిన రోజున మాత్రం ఇప్పటికీ 15 శాతానికి దిగుతోంది, అక్కడ పాత బండి గారు చెప్పినట్లు లాగ్ చూస్తే ఒక్క పూటలో 22 సార్లు తెగి కలిసినట్లు ఉంది. ఆ లాగ్‌ను రేపు మా అడ్మిన్‌కు చూపించి, ఐకేఈ సంగతి అడగబోతున్నాను.